ఉప్పల్, నాచారం ఇళ్లకు వాషింగ్ మిషను వచ్చిన దారి



వాషింగ్ మిషను కొనాలని ఇంట్లో మాట పుట్టగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీది మంచిది?" అని. అడగకూడదని నేననను. కాని ఉప్పల్‌లోనో, నాచారంలోనో కాపురం వుండే ఇల్లాలు అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి వుంది. మా కుళాయిలో నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి, ఏ వేళకు వస్తున్నాయి, ఎంత జోరుగా వస్తున్నాయి? చరిత్ర చెబుతానని వచ్చి ఈవిడ కుళాయి సంగతి మొదలెట్టిందేమిటి అనుకుంటారేమో. బట్టలుతికే యంత్రం చరిత్ర, మన తూర్పు హైదరాబాదు మట్టుకు, చాలావరకు నీళ్ల చరిత్రే. పైన మూత తీసి బట్టలు వేసే రకం, అదే మనం టాప్ లోడ్ అంటున్నది, ఈ పేటల్లో ఎందుకు నిలదొక్కుకున్నదో ఆ చరిత్ర తెలిస్తే గాని బోధపడదు. అది తెలిశాక కొట్లో వాడు ఎన్ని మాటలు చెప్పినా మీరు తడబడరు.

ముందు మిషను లేని రోజుల సంగతి చూద్దాం. ఉప్పల్, నాచారం అప్పటికి పట్నం కాదు, చెరువుల పక్కన వున్న పల్లెలు. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు, నాచారం పెద్దచెరువు, ఆపైన దక్షిణంగా మూసీ. తెలంగాణ పల్లెలన్నిటిలాగే ఇక్కడా కొన్ని బట్టలు ఇంటి బావి దగ్గరే ఉతుక్కునేవారు, కొన్ని మూటగట్టి చాకిరేవుకు వెళ్లేవి. రేవులో ఏం జరిగేదో మన పిల్లలకు తెలియదు కనుక కాస్త నిదానంగా చెబుతాను. బట్టల్ని ముందు చౌడు మట్టి కలిపిన నీళ్లలో నానవేసేవారు. చౌడంటే నేలమీద తెల్లగా ఉప్పు పూసినట్టు కనబడే మట్టి. అందులో వున్నది సోడా. తరువాత బాన మీద పేర్చి, కింద పొయ్యి రాజేసి ఆవిరి పట్టించేవారు. దానికే ఉబ్బ వేయడమని పేరు. ఆ తరువాత బండమీద బాది, నీళ్లలో జాడించి, తెల్లబట్టలకు నీలిమందు, నూలు బట్టలకు గంజి పెట్టి గట్టున ఆరేసేవారు. ఒకరి పంచె ఇంకొకరి ఇంటికి పోకుండా నల్లజీడి గింజ రసంతో ఓ మూల చిన్న గుర్తు. ఆ గుర్తు బట్ట చిరిగేదాకా చెరిగేది కాదు.

ఈనాటి మిషను చేసే పనులన్నీ ఇందులో వున్నాయి చూడండి. నాననివ్వడం, క్షారం, రాపిడి, జాడింపు, పిండడం. ఒక్క వేడి మాత్రం మన టాప్ లోడ్ మిషన్లలో చాలావాటికి లేదు. అందుకనే పంచెలూ బనీన్లూ మిషనులో వేస్తే రేవు తెలుపు రాలేదని పెద్దవాళ్లు సణుగుతారు. వాళ్ల సణుగుడులో నిజం వుంది. మిషను చెడిపోయిందని కంగారు పడకండి. ఓ బకెట్ వేడినీళ్లలో తెల్లవాటిని అరగంట నానేసి, అప్పుడు మిషనులో వేస్తే సరిపోతుంది.

ఇంత చాకిరీకి ఇచ్చేదేమిటి? పంట ఇంటికొచ్చినప్పుడు కళ్లంలో కొలిచిచ్చే గింజలు, పూటపూటా ఇంటింటా పెట్టే అన్నం. దొరల గడీల్లో అదీ లేదు, వెట్టి. 1923లో నిజాం ప్రభుత్వం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చింది గాని, పల్లెల్లో అది కాగితం దాటి రాలేదు. మన ఉప్పల్ మీదుగా పోయే వరంగల్ రోడ్డు పట్టుకుని వెళితే వచ్చే ఆ జిల్లాలోనే పాలకుర్తి వుండేది. అక్కడి చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించిన పంటను 1940లలో విసునూరు దేశముఖు మనుషులు కోసుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ కార్యకర్తల అండతో ఆ పంటను తన ఇంటికే చేర్చుకున్నది. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూసింది. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మిషను కబుర్లలో ఐలమ్మ ఎందుకు వచ్చిందంటే, మన అమ్మమ్మలు గోడమీద బొగ్గుతో రాసుకున్న చాకలి పద్దులో "చీరలు నాలుగు, దుప్పట్లు రెండు" అన్న ప్రతి గీత వెనకా ఒక ఆడమనిషి నడుము వుంది. ఉతుకు యంత్రం ఆడవాళ్లకు విశ్రాంతి ఇచ్చిందని తేలిగ్గా అనేస్తాం. మనకు ఇచ్చింది, నిజమే. రేవు మీద బతికిన ఇంటికి కొంత బరువు తగ్గించింది, దానితోబాటు కొంత బతుకుదెరువూ తగ్గించింది. రెండూ జరిగాయి.

1960ల నుంచి ఈ దిక్కు రూపు మారిపోయింది. ఉప్పల్ రోడ్డు పొడుగునా రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ, 1961లో మొదలైన ఎన్.జి.ఆర్.ఐ., ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, కాస్త ఉత్తరాన కుషాయిగూడ వైపు 1967లో ఇ.సి.ఐ.ఎల్. వెలిశాయి. నాచారంలో ఫ్యాక్టరీ షెడ్లు లేచాయి. వాటి పక్కన ఎన్.టి. రామారావుగారి రామకృష్ణా స్టూడియో, కార్మికులకు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి. కొత్త కాలనీల్లో కొత్త కాపురాలు. అత్తగారు ఊళ్లో, భర్త షిఫ్టు డ్యూటీలో, ఇల్లాలు ఒంటరిగా రెండు గదుల వాటాలో. పల్లెలో వున్న చాకలి వాడిక ఇక్కడ లేదు. నూనె మరకల యూనిఫారాలు ఎవరుతకాలి? పెరట్లో బండ, ఓ బ్రష్షు, 501 బారు సబ్బు, ఆమె చేతులు. సబ్బు పొడి అనేది మన దేశంలో 1959లో సర్ఫ్‌తో ఇళ్లలోకి వచ్చింది. 1969లో అహ్మదాబాదు నుంచి కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా తెచ్చాక అది అందరి చేతికీ అందింది. 1977లో మొదలైన హైదరాబాదు దూరదర్శన్ మన రామంతాపూర్‌లోనే స్థిరపడ్డది. 1980లలో టీవీ తెర మీద లలితాజీ వచ్చి చవకరకానికీ మంచిరకానికీ తేడా చెబుతుంటే, మనవాళ్లు విన్నారు, నవ్వుకున్నారు, మళ్లీ వెళ్లి నిర్మాయే కొన్నారు.

అప్పటికి విదేశాల్లో ఈ యంత్రం ఎంతదూరం నడిచిందో క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికాలో 1908 నుంచి కరెంటు మోటారు మిషన్లు అమ్మకానికి వచ్చాయి. 1922లో మేటాగ్ కంపెనీ తొట్టి అడుగున రెక్కల కడ్డీ పెట్టి, బట్టను కాక నీళ్లను గిరగిర తిప్పడం మొదలెట్టింది. ఈ చిన్న ఉపాయమే తరువాతి టాప్ లోడ్ మిషన్లన్నిటికీ తల్లి. అయితే తడిబట్టల్ని రెండు రోలర్ల మధ్య దూర్చి పిండుకోవలసి వచ్చేది, వేళ్లు నలిగేవి. 1937లో బెండిక్స్ వారి మిషను నానబెట్టడం దగ్గరనుంచి పిండడం దాకా అన్నీ తనే చేసింది. అది ముందు తలుపు రకం. ఊగిపోకుండా నేలకు బోల్టులు వేసి బిగించాలి. 1947లో వర్ల్‌పూల్, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీల పైమూత ఆటోమేటిక్ మిషన్లు అక్కడి బజారుకు వచ్చాయి. అమెరికా ఇల్లాలికి నేలమాళిగలో చోటుంది, కుళాయిలో ఇరవైనాలుగ్గంటలూ నీళ్లున్నాయి. మనకు ఆ రెండూ లేవు.

మన సంగతికి దగ్గరగా వచ్చింది జపాను. ఇరుకు ఇళ్లు, తక్కువ జీతాలు. 1953లో సాన్యో కంపెనీ తొట్టిలో చిన్న పళ్లెంలాంటి చక్రం తిప్పి నీళ్లు సుడితిరిగేలా చేసే చవక మిషను తెచ్చింది. ఆ చక్రాన్నే పల్సేటర్ అంటారు. తరువాత ఉతికే తొట్టి ఒకటి, పిండే తొట్టి ఒకటి పక్కపక్కన వున్న జోడు తొట్ల మిషన్లు వచ్చాయి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మిషను, ఈ మూడింటినీ ఆ రోజుల్లో జపాను ఇళ్లలో మూడు దివ్య వస్తువులని చెప్పుకునేవారు. 1980ల చివర మన దేశంలో వీడియోకాన్, టి.వి.ఎస్.-వర్ల్‌పూల్, ఆ తరువాత బి.పి.ఎల్.-సాన్యో వాళ్లు ఇల్లిల్లూ నింపిన సెమీ ఆటోమేటిక్ మిషను ఈ జపాను జోడు తొట్టి వంశానిదే. ఇది మనకెందుకు నచ్చిందంటే దీనికి కుళాయి అక్కర్లేదు. బకెట్‌తో పోస్తే చాలు. కరెంటు పోతే మూత తీసి మిగతాది చేత్తో జాడించుకోవచ్చు. మంచం కింద దొరికిన పిల్లవాడి మేజోడు మధ్యలో పడేసినా ఏమీ అనదు.

ఇప్పుడు నీళ్ల కథకు వద్దాం. ఇక్కడే అసలు కీలకం వుంది.

1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి నగరానికి పడమట వున్నాయి. 1965లో వచ్చిన మంజీరా నీళ్లదీ పడమటి దారే. ఉప్పల్, నాచారం ఆ గొట్టాలకు కొసన వున్నాయి, అదీ కాక నగరపాలక సంస్థ హద్దుకు బయట. గొట్టం కొసన వున్న ఇంటికి ఏం మిగులుతుందో మీకు వేరే చెప్పాలా? 1989లో జలమండలి ఏర్పడింది. అప్పటికి ఈ కాలనీల ఇళ్లన్నీ బోర్ల మీదే ఆధారపడ్డాయి. నేల అడుగున నల్లరాయి. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే నీళ్లు ఉప్పన, కరకర. 2004లో అక్కంపల్లి నుంచి కోదండాపురం మీదుగా సాహెబ్‌నగర్ దాకా కృష్ణ నీళ్లు రావడంతో తూర్పు దిక్కుకు మొదటిసారి సొంత దారి దొరికినట్టయింది. నాగార్జునసాగర్ నీళ్లు నూరు కిలోమీటర్లకు పైగా ఎదురెక్కి మన వంటింటికి వచ్చాయన్నమాట. 2007లో ఉప్పల్, కాప్రా పురపాలక సంఘాలు గ్రేటర్ హైదరాబాదులో కలిశాయి. 2015లో గోదావరి నీళ్లూ నగరానికి చేరాయి. శివారు కాలనీల్లో గొట్టాలూ రిజర్వాయర్లూ ఆ తరువాతే పడ్డాయి.

అయినా కుళాయికి ఒక వేళ వుంది. నీళ్లొచ్చే గంటకు ఇల్లాలు ఇంట్లో వుండి తీరాలి. పెళ్లికెళ్లినా మనసు కుళాయి దగ్గరే. ఈ కట్టు తెంచింది వాషింగ్ మిషను కాదు, దానికి అక్కగారైన ఓ నల్ల పీపా. 1975లో గుజరాత్ నుంచి వచ్చిన సింటెక్స్ ప్లాస్టిక్ టాంకు గురించి అంటున్నాను. కింద సంపు, మధ్యన మోటారు, మేడ మీద ఆ టాంకు. ఈ మూడూ వున్న అపార్ట్‌మెంట్లు ఉప్పల్, హబ్సిగూడ, నాచారాల్లో లేచాకనే మీట నొక్కి పక్కకు వెళ్లిపోయే పూర్తి ఆటోమేటిక్ మిషనుకు ఇక్కడ చోటు దొరికింది. 1995లో సాంసంగ్, 1997లో ఎల్.జి. మన దేశంలోకి అడుగుపెట్టడం సరిగ్గా ఈ సమయానికే కలిసివచ్చింది. వాళ్ల అదృష్టంలో మన టాంకుల వాటా వుందని నేనంటాను.

ఇక మీరు కొనబోయే మిషను సంగతి. ఇంతవరకు చెప్పినదంతా ఇందుకే.

మొదట మీ కుళాయి ధార చూడండి. పూర్తి ఆటోమేటిక్ మిషనులో నీళ్లు లోపలికి రానిచ్చే కవాటం వుంటుంది. దానికి కొంత ఒత్తిడి కావాలి. మిషను వెంట ఇచ్చే పుస్తకాల్లో తరచు 0.3 బార్ అని వుంటుంది. అంటే టాంకులో నీటిమట్టం మీ కుళాయికన్నా ఇంచుమించు 3 మీటర్లు, పదడుగులు, పైన వుండాలి. కింది అంతస్తుల వాళ్లకు చింత లేదు. టాంకుకు సరిగ్గా కింద వున్న పై అంతస్తు వాళ్లకే చిక్కు. నాచారంలో నాకు తెలిసిన ఓ వదినగారిది పై వాటా. కొత్త మిషను తొట్టి నిండటానికి ముప్పావుగంట పట్టి, చివరకు ఏదో అక్షరం చూపించి ఆగిపోయేది. అమ్మిన కొట్టువాడు ఇంకా ఖరీదైన మిషను తీసుకోమన్నాడు. ఆవిడ తీసుకోలేదు. మూత తీసి నాలుగు బకెట్లు పోస్తే అదే మిషను చక్కగా నడిచింది. తరువాత గొట్టానికి చిన్న పంపు పెట్టించుకున్నారు. ముందు తలుపు రకమైతే ఈ బకెట్ ఉపాయం సాగేదా? మన పేటలో టాప్ లోడ్ నిలిచింది ఇలాంటి చోట్లే.

రెండోది నీళ్ల కరుకు. తాగే నీళ్లకు భారత ప్రమాణాల సంస్థ చెప్పిన మేలైన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం, వేరే దిక్కులేకపోతే 600 దాకా. బోరు నీళ్లలో సబ్బు అరగదీస్తే నురగ రాక పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు తేలుతున్నాయంటే మీ నీళ్లు కరకు అని గుర్తు. ఈ నీళ్లలోని సున్నం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తొట్టి వెనక పేరుకుంటాయి, కవాటం జల్లెడలో గడ్డకడతాయి. నీళ్లు వేడిచేసే హీటరు వున్న మిషనులో ఆ కడ్డీ మీద కెటిల్లో పట్టినట్టు పొర కడుతుంది. హీటరు లేని టాప్ లోడుకు ఈ ఒక్క బాధ తప్పుతుంది, అది చిన్న లాభం కాదు. అంచేత బోరు, మున్సిపల్ నీళ్లు రెండూ వున్న ఇంట్లో మిషనుకు మున్సిపల్ టాంకు గొట్టమే కలపమనండి. బోరు తప్ప గతిలేని వాళ్లు నెలకొకసారి బట్టల్లేకుండా నిమ్మఉప్పు కలిపిన నీళ్లతో ఓ దఫా తిప్పి, కుళాయి గొట్టం చివరి జల్లెడ విప్పి పాత బ్రష్షుతో తోమండి. మెకానిక్కును పిలిస్తే అతడు చేసేదీ చాలాసార్లు ఇదే, రుసుము మాత్రం వేరు.

ఎన్ని కిలోలది కొనాలి అనేది మూడో మాట. మిషను మీద రాసే కిలోలు పొడిబట్టల బరువు. మామూలు నూలు చీర అరకిలో అటూఇటూ తూగుతుంది. పెద్ద మంచం దుప్పటి ముప్పావు కిలో పైన, జీన్సు ప్యాంటు అరకిలో పైన. నలుగురున్న ఇంటికి ఆరున్నర, ఏడు కిలోల తొట్టి చాలు. చలికాలం రగ్గులు కూడా ఇంట్లోనే ఉతకాలనుకుంటే ఎనిమిది. తొట్టి నిండా కూరకండి, నాలుగోవంతు ఖాళీ వుంటేనే నీళ్లు ఆడతాయి, బట్ట తిరుగుతుంది. ఏడు కిలోల టాప్ లోడ్ ఒక దఫాకు ఇంచుమించు 120 నుంచి 150 లీటర్లు తాగుతుంది. ముందు తలుపు రకానికి దాదాపు సగం చాలు. నెలకు 25 దఫాలంటే టాప్ లోడుకు 3 వేల లీటర్ల పైమాట. నగరంలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైనప్పుడు నీళ్ల లెక్క తేలికైనట్టు కనిపించింది. కాని ఎండాకాలం టాంకరు పిలిచే అపార్ట్‌మెంట్లో ఈ మూడు వేలూ మూడు వేలే. చివరి జాడింపు నీళ్లు బకెట్లోకి పట్టుకుంటే బాల్కనీ, మెట్లు కడగడానికి పనికొస్తాయి. ఇది కూడా మూత పైనున్న మిషనుకే సులువని కాదు గాని, గొట్టం కిందికే వుంటుంది కనుక పట్టడం తేలిక.

ఆ గొట్టం సంగతీ చూసుకోండి. చాలా టాప్ లోడ్ మిషన్లలో మురుగు నీళ్లు తోడే పంపు వుండదు, నీళ్లు పల్లానికి వాటంతటవే పోవాలి. మీ స్నానాలగది తూము నేలమట్టానికి వుందా, గోడలో ఎత్తున వుందా చూసి మరీ కొనండి. ఎత్తున వుంటే పంపున్న రకమే తీసుకోవాలి.

మోటారు విషయంలో కొట్లలో ఎక్కువ హడావుడి జరుగుతుంది. పాత పద్ధతి మోటారు బెల్టుతో తొట్టిని తిప్పుతుంది. బెల్టు తెగితే కొత్తది వేయడం ఏ మెకానిక్కుకైనా తెలుసు, మోటారు కాలితే నాచారం పారిశ్రామిక వాడ దరిదాపుల్లో వైండింగు చేసేవాళ్లకు కొదవలేదు. 1991లో న్యూజిలాండు కంపెనీ ఫిషర్ అండ్ పేకెల్ బెల్టు తీసేసి మోటారును నేరుగా తొట్టికే బిగించింది. ఈనాడు ఇన్వర్టర్ అంటూ అమ్మేవాటిలో కొన్ని ఆ దారి పట్టినవే. చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ. నాకు అభ్యంతరం లేదు. అయితే మోటారుకు పదేళ్ల గ్యారంటీ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు చూడండి, ముందు చెడేది మోటారు కానేకాదు. లోపలి ఎలక్ట్రానిక్ పలక. మన కరెంటు హెచ్చుతగ్గులకూ, వానాకాలం బాల్కనీ తేమకూ మొదట లొంగేది అదే, దాని ఖరీదూ తక్కువ కాదు. కాబట్టి పలకకు ఎన్నేళ్లు, మిషను మొత్తానికి ఎన్నేళ్లు అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

నమ్మకం అంటే ఒక్క పేరు మీద పెట్టుకునేది కాదని మన ఊరి చరిత్రే చెబుతుంది. సనత్‌నగర్ ఆల్విన్ ఫ్రిజ్ లేని మధ్యతరగతి ఇల్లు ఒకప్పుడు హైదరాబాదులో అరుదు. 1990లలో ఆ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. సెమీ ఆటోమేటిక్ అంటేనే గుర్తొచ్చిన వీడియోకాన్ 2018లో దివాలా విచారణకు వెళ్లింది. మిషన్లు నిక్షేపంగా తిరుగుతున్నాయి, విడిభాగాలకే వెతుకులాట. అందుకని నేను చెప్పే పరీక్ష ఒకటుంది. కొట్టుకు వెళ్లేముందు మీ వీధి మెకానిక్కును పిలిచి, "ఈ ఏడాది నువ్వు ఏ మిషన్లు ఎక్కువగా విప్పావు? దేని సామాను మర్నాటికి దొరికింది?" అని అడగండి. ఏది మంచిదని అడగవద్దు, కమీషను వచ్చేది చెప్పవచ్చు. విప్పినవి అడిగితే నిజం చెబుతాడు. 2019లో ఇంధన సామర్థ్య బ్యూరో వాషింగ్ మిషన్లకూ చుక్కల గుర్తు మొదలెట్టింది. అది కరెంటు, నీటి పొదుపుకే గుర్తు, మన్నికకు కాదు.

ఎర్తు లేని ప్లగ్గులో మిషను పెట్టవద్దు. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. తడి నేల, తడి చేతులు, ఇనుప పెట్టె, ఈ మూడూ కలిసినచోట ఎర్తు తీగ లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. అద్దె ఇల్లయినా సరే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పరీక్షించి మరీ బిగించమనండి. ఇంటాయన "తరువాత చూద్దాంలే" అంటే మిషనూ తరువాతే మొదలెడతానని చెప్పండి. ఇక టాప్ లోడ్ అడుగు కొన్నిటికి తెరిచి వుంటుంది. ఎలుక దూరి తీగలు కొరికితే గ్యారంటీ వర్తించదంటారు. అడుగున జాలీ వున్న మిషను తీసుకోండి, లేదా విడిగా కొని బిగించండి.

బిల్లు, గ్యారంటీ కార్డు, ఫిర్యాదు చేసినప్పుడల్లా ఇచ్చిన నంబరు ఓ కవరులో వేసి బియ్యం డబ్బా మీద కాకుండా బీరువాలో పెట్టండి. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలై నుంచి అమలుకు వచ్చింది. మిషను ఎక్కడ కొన్నా, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో వున్నా, మీరు కాపురం వుండే జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చునని ఈ చట్టం అంటున్నది. ఢిల్లీకో బొంబాయికో తిరగనక్కర్లేదు.

సెమీ ఆటోమేటిక్ తీసుకోవాలా, పూర్తి ఆటోమేటిక్కా అని మీలో కొందరికి ఇంకా సందేహం వుండవచ్చు. టాంకు నీళ్లు నమ్మకంగా వుండి, పగలు ఉద్యోగానికి వెళ్లేవారికి పూర్తి ఆటోమేటిక్. నీళ్లు పట్టి నిల్వ చేసుకునే ఇంటికి, మరుగుదొడ్డి పక్క సందులో మిషను పెట్టుకోవలసిన వాటాకు, సెమీ. దీని ధర తక్కువ, నీళ్లు తక్కువ, చెడితే బాగు చేయించడమూ తేలిక. అయితే తడిబట్టల్ని ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి వంగి ఎత్తే పని మీదే. నడుము నొప్పి వున్న ఇల్లాలికి ఆ వంగడమే అసలు ఖర్చు, కొట్టువాడి బిల్లులో అది కనబడదు. మా బంధువుల్లో ఒకావిడ రెండు వేలు మిగిలాయని సెమీ కొని, వాటికి మించి మందులకు పోశారు.

ఏ మిషనైనా వేసేముందు పిన్నీసులు, జేబుల్లో చిల్లర తీయండి, లంగా బొందులు ముడి వేయండి, చీరల్ని వలసంచిలో పెట్టండి. లేకపోతే ఆరు గజాల చీర పల్సేటరు చుట్టూ తాడులా పేనుకుంటుంది. గద్వాల జరీ అంచు చీరలూ, పోచంపల్లి పట్టూ, రంగు దిగే కొత్త చేనేత బట్టలూ మిషను మొహం చూపించకండి. అవి లాండ్రీకే. 2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు మొదలైంది. ఆ ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడ్డ మనిషికి పట్టుచీర మీది మరక ఏ నీళ్లకు పోతుందో మీ మిషను వెంట వచ్చిన పుస్తకంకన్నా బాగా తెలుసు. చీర ఇచ్చేటప్పుడు మరక ఎక్కడ వుందో, అది కాఫీదో, నూనెదో చెప్పి ఇవ్వండి, లెక్క మాత్రం పద్దు రాసుకోండి.